పరిశోధన డేటాను ఎవరి కోసం దాస్తున్నాం? రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతులకు, పరిశోధన విభాగాల డీన్లకు, గ్రంథాలయాధికారులకు,

నమస్కారం.

నేను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 27 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. చివరి 11 ఏళ్లు థీసిస్‌ల విభాగం నా బాధ్యతలో ఉండేది. ఈమధ్య మన విశ్వవిద్యాలయాలు కొన్ని పరిశోధన డేటా కోసం రిపాజిటరీలు, అంటే దాన్ని భద్రపరిచే డిజిటల్ భాండాగారాలు పెట్టాలని, వాటికి విధాన పత్రాలు రాసుకోవాలని సన్నాహాలు చేస్తున్నాయి. అలాంటి ముసాయిదాలు మూడు అభిప్రాయం కోసం నా దాకా వచ్చాయి. మూడింటిలోనూ ఒక వాక్యం దాదాపు అవే మాటలతో ఉంది: పరిశోధకులందరూ తమ డేటాను విధిగా రిపాజిటరీలో జమ చేయవలెను. ఆ వాక్యంతో నాకు పేచీ లేదు. దాని తర్వాత ఉండవలసినవి లేకపోవడమే నా చేత ఈ లేఖ రాయిస్తున్నది. జమ అయిన డేటాను రేపు ఎవరు వెతుకుతారు, ఏ మాటతో వెతుకుతారు, దొరికితే అది వారికి బోధపడుతుందా, బోధపడినా వాడుకునే హక్కు వారికి ఉంటుందా అన్న ప్రశ్నల జోలికి ఆ పత్రాలు పోలేదు. గోదాము నిండా బస్తాలు పేర్చి, ఏ బస్తాలో ఏ గింజలున్నాయో చీటీ కట్టకపోతే, విత్తనాల వేళకు వచ్చిన రైతు ఒక్కొక్క మూతి విప్పి చూసుకోవలసిందే.

నా మనవి ఒక్కటే. విధానంలోని ప్రతి నిబంధననూ, డేటా సేకరించిన పరిశోధకుడు అందుబాటులో లేని రోజున వచ్చే కొత్త మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయండి. ఈ మాట ఇంత పట్టుగా ఎందుకంటున్నానో చెప్పడానికి నా సొంత అనుభవం ఒకటి మీ ముందు పెడతాను.

వేరుశనగ పండించే చిన్న రైతుల అప్పుల మీద పనిచేస్తున్న ఒక పరిశోధక విద్యార్థిని 2016లో మా విభాగానికి వచ్చింది. తాను తిరుగుతున్న మండలంలోనే అంతకు 13 ఏళ్ల ముందు ఒకాయన 180 కుటుంబాలను సర్వే చేసి పీహెచ్‌డీ తీసుకున్నారని ఆమెకు తెలిసింది. ఆ కుటుంబాల అప్పులు అప్పుడెలా ఉన్నాయో, ఇప్పుడెలా ఉన్నాయో పోల్చి చూడాలని ఆమె ఆలోచన. థీసిస్ అరలో ఉంది. అయితే అందులో 180 కుటుంబాలు పద్నాలుగు పట్టికలుగా, ఆ పట్టికల్లో సగటులుగా కుదించుకుపోయాయి. ఆమెకు కావలసినవి కుటుంబం వారీ అంకెలు. వెనక అట్ట లోపలి సంచిలో సీడీ ఉంది, అది తెరుచుకుంది కూడా, అదే మా అదృష్టమనుకున్నాం. లోపల మూడు ఎక్సెల్ ఫైళ్లు: 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఫైనల్ న్యూ 2'. నిలువు వరుసలకు వీ1, వీ2, వీ3 అనే పేర్లు తప్ప మరేమీ లేవు. థీసిస్ అనుబంధంలోని ప్రశ్నావళిలో 42 ప్రశ్నలుంటే ఫైలులో 61 వరుసలున్నాయి. ఊళ్ల పేర్లు అను అనే పాత తెలుగు ఫాంటులో కొట్టినవి, ఆ ఫాంటు మా కంప్యూటరులో లేకపోవడంతో తెర మీద విరిగిన అక్షరాలు, గుర్తులు తప్ప ఏమీ కనబడలేదు. గైడు అప్పటికే కాలం చేశారు. పరిశోధకుడి ఫోను నంబరు సంపాదించడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడారు. "అమ్మా, 9 అని వేసిన చోట 'చెప్పలేదు' అని అర్థం అనుకుంటాను, 'వర్తించదు' అని కూడా కావచ్చు, ఇప్పుడు గుర్తు లేదు" అన్నారు. ఆ అమ్మాయి పోలిక ఆలోచన వదులుకుని, కొత్త సర్వే ఒక్కదానితో థీసిస్ ముగించింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ పరిశోధకుడు నిజాయితీగా ఊరూరూ తిరిగారు, నిబంధన ప్రకారం సీడీ ఇచ్చారు, మేము నిబంధన ప్రకారం తీసుకుని ముద్ర వేశాం. అంతా నియమం ప్రకారమే జరిగి, 180 కుటుంబాలు గంటల తరబడి కూర్చుని చెప్పిన మాట మాత్రం పోయింది. మన దగ్గరే ఇలా అని కూడా కాదు. జంతువుల, మొక్కల శరీర కొలతల మీద వచ్చిన 516 పరిశోధన వ్యాసాలను తీసుకుని, వాటి డేటా ఇంకా ఉందా అని రచయితలను అడిగి చూసిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. వ్యాసాల వయసు 2 నుంచి 22 ఏళ్లు. వ్యాసం పాతబడే కొద్దీ, డేటా ఉండడానికీ లేకపోవడానికీ మధ్య నిష్పత్తి ఏటా 17 శాతం చొప్పున తగ్గుతూ పోయిందని అందులో తేలింది. డేటా ఒక్క దెబ్బతో పోదు. కంప్యూటరు మారినప్పుడు కొంత, ఉద్యోగం మారినప్పుడు కొంత, మనిషి మతిమరుపుతో మరికొంత పోతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ మన నేల మీదే నడిచింది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మెట్ట ప్రాంతాల పల్లెలపై దీర్ఘకాలిక అధ్యయనం మొదలుపెట్టి ఆరు ఊళ్లను ఎంచుకుంది. వాటిలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, దోకూరు. మిగిలిన నాలుగు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలవి. ఊరికి 40 కుటుంబాలు: భూమి లేనివారు పది, చిన్న, మధ్య, పెద్ద రైతులు తలా పది. సర్వే చేసేవారు నెలకోసారి జీపులో వచ్చి పోయేవారు కాదు. స్థానిక భాష తెలిసి, పల్లె జీవితంలో పుట్టి పెరిగినవారు ఆ ఊళ్లోనే కాపురముండి, ఏళ్ల తరబడి అవే ఇళ్లకు అవే ప్రశ్నపత్రాలతో వెళ్లారు. ఏ కోడుకు ఏ అర్థమో రాసి పెట్టారు. 1980ల మధ్యలో ఆగిన ఆ పని 2001లో మళ్లీ మొదలై, 2009 తర్వాత తూర్పు భారతానికి, బంగ్లాదేశ్‌కు కూడా విస్తరించింది.

ఆ అంకెలు ఎక్కడెక్కడికి వెళ్లాయో చూడండి. కరవు వచ్చి ఒక ఇంటి రాబడి పడిపోతే ఆ ఇంటి తిండి కూడా అంతే పడిపోతుందా, లేక ఊరంతా ఏదో ఒక రూపంలో ఆ దెబ్బను పంచుకుంటుందా అన్న ప్రశ్నను రాబర్ట్ టౌన్‌సెండ్ అనే అమెరికా ఆర్థికవేత్త వేసుకున్నారు. జవాబు కోసం ఆయన ఔరేపల్లె, షిరాపూర్, కంజార ఊళ్ల డేటాను విశ్లేషించి 1994లో ప్రచురించిన వ్యాసం ప్రపంచమంతటా అభివృద్ధి అర్థశాస్త్ర తరగతుల్లో నేటికీ చదివిస్తారు. ఇంటి ఖర్చు సొంత రాబడితో కన్నా ఊరి సగటు ఖర్చుతోనే ఎక్కువగా కదులుతున్నదని, అయితే ఆ రక్షణ సంపూర్ణం కాదని ఆయన చూపారు. ఆ డేటాను సేకరించింది ఆయన కాదు. సేకరించినవారు ఆ ప్రశ్న కోసం సేకరించనూ లేదు. వాళ్లు మనసులో పెట్టుకున్నవి సాగు పద్ధతులు, వాన, కూలి, పశువులు. ఇరవై ఏళ్ల తర్వాత ఒక కొత్త మనిషి కొత్త ప్రశ్నతో వస్తే ఆ అంకెలు జవాబు చెప్పగలిగాయి. 180 కుటుంబాల సీడీకీ ఔరేపల్లె డేటాకూ తేడా ఎక్కువ డబ్బులో ఉందని కొందరంటారు. అంతర్జాతీయ సంస్థకు డబ్బుందన్నది నిజమే. కానీ 9 అంటే ఏమిటో ఒక కాగితం మీద రాసి పెట్టడానికి డబ్బు అక్కరలేదు.

ఇక విధానంలో ఏముండాలన్న విషయానికి వస్తాను. మూడు ముసాయిదాలూ ఫెయిర్ సూత్రాల పేరు ఘనంగా తలచుకున్నాయి. డేటా దొరకాలి, అందాలి, ఇతర డేటాతో కలవాలి, తిరిగి వాడుకోవడానికి వీలుండాలి అనే నాలుగు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలతో కూర్చిన పేరది. 2014లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో జరిగిన చర్చల్లో పుట్టి 2016లో ప్రచురితమైంది. ఒక ముసాయిదా తెలుగు ప్రతిలో దాన్ని 'న్యాయమైన డేటా' అని అనువదించారు. నవ్వొచ్చినా, ఆ పొరపాటు ఒక సంగతి చెబుతుంది: పేరు ఉటంకించినవారు దాని కింద ఉన్న పదిహేను ఉపసూత్రాల దాకా వెళ్లలేదు. అవి యంత్రాలకూ మనుషులకూ పనికొచ్చేలా రాసిన సాధారణ సూత్రాలు. వాటిని మన ఊళ్లకు, మన పంటలకు, మన రికార్డులకు అన్వయించి చెప్పే పని మీది. ఆ అన్వయం ఎక్కడెక్కడ కావాలో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

మొదట ఊరి పేరు. 1975లో ఔరేపల్లె ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ జిల్లా ఊరు. నేడు అది తెలంగాణలోని రంగారెడ్డి జిల్లా మాడ్గుల మండలంలో ఉంది. ఊరు కదలలేదు, దాని చుట్టూ గీతలు కదిలాయి. తెలంగాణ 2014లో 10 జిల్లాలతో ఏర్పడి, 2016 అక్టోబరులో 31 జిల్లాలై, 2019లో 33కు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. అంటే మెటాడేటాలో, అదే డేటాతో పాటు రాసే వివరణలో, 'మహబూబ్‌నగర్ జిల్లా' అని మాత్రమే రాసిన 2012 నాటి ఫైలునూ, అదే పేరుతో 2020లో జమ అయిన ఫైలునూ పక్కపక్కన పెట్టుకున్న విద్యార్థి, వైశాల్యంలో ఎంతో తేడా ఉన్న రెండు ప్రాంతాలను ఒకటే అనుకుని పోలుస్తాడు, ఆ పోలిక నుంచి జిల్లాలో సాగు విస్తీర్ణం కుప్పకూలిందని తేల్చినా ఆశ్చర్యం లేదు. ఈ చిక్కు తెలిసినవారు కనుకనే ఇక్రిశాట్ వారు తమ జిల్లా స్థాయి గణాంకాలను 1966 నాటి జిల్లాల సరిహద్దులకు సర్దుబాటు చేసి ఒక వరుసగా కూడా ఉంచారు. ప్రతి పరిశోధకుడూ అంత పని చేయనక్కరలేదు. ఊరి పేరుతో పాటు 2011 జనగణనలో ఆ ఊరికిచ్చిన ఆరంకెల కోడు, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలోని కోడు, డేటా సేకరించిన తేదీ నాటికి ఆ ఊరు ఏ మండలం, ఏ జిల్లాలో ఉందన్న వివరం రాస్తే చాలు. రిపాజిటరీ ఫారంలో ఈ నాలుగు గళ్లు తప్పనిసరి చేయండి. ఊరి పేరు తెలుగు లిపిలో కూడా రాయమనండి. ఒకే పేరును ఇంగ్లీషులో నలుగురు నాలుగు విధాలుగా రాస్తారు, వెతికేవాడు ఐదో విధంగా వెతుకుతాడు.

తర్వాత వెతికే మాట. ఒకే పంటకాలాన్ని తెలంగాణలో వానాకాలమని, గోదావరి డెల్టాలో సార్వా అని, ప్రభుత్వ పత్రాల్లో ఖరీఫ్ అని అంటాం. యాసంగి, దాళ్వా, రబీ కూడా అంతే. రెవెన్యూ రికార్డుల్లో తరి, ఖుష్కి అన్నవాటిని పక్క ప్రాంతం మనిషి మాగాణి, మెట్ట అంటాడు. పరిశోధకుడు తన ప్రాంతపు మాట వాడడం తప్పు కాదు, దాన్ని చెరిపేసి అందరిచేతా ఖరీఫ్ అనే రాయించమని నేను చెప్పను. స్థానిక పదాన్ని ఉంచుతూనే ఒక ఉమ్మడి పదసూచికతో ముడిపెట్టాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహించే అగ్రోవాక్ అనే బహుభాషా పదసూచికలో తెలుగు పదాలు కూడా ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు దాన్ని ఆధారం చేసుకుని, మన ప్రాంతీయ పదాలను జోడించుకుంటూ పోవచ్చు. ఇది కమిటీ వేసి మూడేళ్లు కూర్చోవలసిన పని కాదు. వచ్చిన ప్రతి డేటాసెట్‌తో పది మాటలు చేరినా ఐదేళ్లలో మంచి పదసూచిక తయారవుతుంది.

దొరికిన డేటా మళ్లీ మళ్లీ దొరకాలంటే దానికి మారని చిరునామా ఉండాలి. సర్వరు మారినా, వెబ్‌సైటు కొత్త రూపం దాల్చినా డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య మారదు. వ్యాసాలకు డీఓఐ ఉండడం మీ అధ్యాపకులందరికీ తెలుసు. డేటాకు కూడా అదే పద్ధతిలో ఇచ్చేందుకు డేటాసైట్ అనే సంస్థ 2009 నుంచి ఉంది. దీని గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు, ఇందులో వాదనకు చోటు లేదు.

తిరిగి వాడుకోవడం దగ్గరే అసలు తిప్పలన్నీ ఉన్నాయి. దిగుబడి ఎకరాకు 30 బస్తాలు అని ఫైలులో ఉందనుకోండి. కోస్తాలో ధాన్యం బస్తా అంటే మామూలుగా 75 కిలోలు. తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో తూకం వేసేది 40 కిలోల సంచి. నెల్లూరు రైతు పుట్టి లెక్కలో చెబితే అక్కడ పుట్టి అంటే 850 కిలోలు, మరో జిల్లాలో ఆ లెక్క చెల్లదు. భూమిని ఒకచోట గుంటల్లో, ఒకచోట సెంట్లలో చెబుతారు, ఎకరాకు గుంటలు 40, సెంట్లు 100. పరిశోధకుడు అన్నిటినీ క్వింటాళ్లలోకి, హెక్టార్లలోకి మార్చి శుభ్రంగా ఇచ్చాడనుకుందాం. మార్చేటప్పుడు బస్తాను ఎన్ని కిలోలుగా లెక్కవేశాడో రాయకపోతే ఆ శుభ్రతను నమ్మడం ఎలా? అందుకే రైతు చెప్పిన అంకె, ప్రమాణం, మార్చిన అంకె, మార్చిన సూత్రం నాలుగూ ఫైలులో ఉండాలని విధానం చెప్పాలి. ఖాళీ గడికీ సున్నాకూ తేడా చెప్పాలి. అప్పు లేని రైతుకు సున్నా వేసి, అప్పు సంగతి చెప్పని రైతుకు కూడా సున్నా వేస్తే, ఆ ఊళ్లో అప్పుల బాధ లేదని ఎవరైనా తేల్చేస్తారు.

ఎక్సెల్ గురించి ఒక చిన్న పిట్టకథ చెప్పాలి. భూమి సర్వే నంబర్లు 5/2, 7/3 అని ఉంటాయని మనకు తెలుసు. గడికి ముందే 'టెక్స్ట్' అని చెప్పకుండా కొడితే ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తుంది. పొలం కాస్తా ఫిబ్రవరి నెల అయిపోతుంది. ఇది మన పేదింటి కష్టమే అనుకునేరు, జన్యుశాస్త్రవేత్తలు ఇదే బాధ పడలేక కొన్ని మానవ జన్యువుల పేర్లనే 2020లో మార్చుకున్నారు. మన సర్వే నంబర్లను మార్చలేం గనుక, అంతిమ ప్రతిని ఏ ప్రోగ్రాములోనైనా తెరుచుకునే మామూలు సీఎస్‌వీ రూపంలో, తెలుగు అక్షరాలను ఏ కంప్యూటరులోనైనా కనబడే యూనికోడ్‌లో జమ చేయమని, జమ చేసే ముందు మూల కాగితాలతో సరిచూడమని చెప్పవచ్చు. పాత అను ఫాంటు ఫైళ్ల సంగతి వేరుగా ఆలోచించాలి. అవి ఇంకా తెరుచుకుంటున్న కాలంలోనే యూనికోడ్‌లోకి మార్చే పని గ్రంథాలయాలకు అప్పగించి, దానికి కొంత నిధి కేటాయించండి. ఇంకో పదేళ్లు ఆగితే మార్చడానికి ఏమీ మిగలదు.

వాడుకునే హక్కు కూడా డేటాతో పాటే రావాలి. ఒక ముసాయిదాలో 'అకడమిక్ ప్రయోజనాలకు మాత్రమే, అనుమతితో' అని ఉంది. అనుమతి ఎవరివ్వాలి? విభాగాధిపతి మూడేళ్లకోసారి మారతారు. జిల్లా వ్యవసాయాధికారి వాడుకుంటే అది అకడమిక్ అవునా, కాదా? విలేకరి వాడుకుంటే? ఇలాంటి వాక్యం ఉన్న డేటాను జాగ్రత్తపరులు ముట్టుకోరు, జాగ్రత్త లేనివారు అడగకుండానే వాడుకుంటారు. పేరు ఉదహరిస్తే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సును సాధారణ నియమంగా పెట్టి, భిన్నంగా చేయదలచినవారు కారణం రాయాలని చెప్పండి. కేంద్ర ప్రభుత్వం కూడా తన డేటాకు 2017లో ఒక బహిరంగ లైసెన్సు ప్రకటించింది గనుక ఇది మనకు కొత్త దారి కాదు.

అయితే అన్నీ బయట పెట్టాలన్నది నా మాట కాదు. శేషాచలం కొండల్లో ఎర్రచందనం చెట్ల మీద పనిచేసే వృక్షశాస్త్ర విద్యార్థి ఒక్కొక్క చెట్టు అక్షాంశ రేఖాంశాలు నమోదు చేస్తాడు. వాటిని ఉన్నవి ఉన్నట్టు అందరికీ తెరిచి పెడితే వెతుక్కుంటూ వచ్చేది పరిశోధకులు కాదు. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ కనబడింది. అలాంటి పక్షి తిరిగే చోటును కూడా గుట్టుగానే ఉంచాలి. జీవవైవిధ్య డేటా నిర్వహించేవారు ఇలాంటి సందర్భాల్లో స్థానాన్ని కొన్ని కిలోమీటర్ల చతురస్రంగా మసకబరచి, కచ్చితమైన స్థానాన్ని వేరుగా ఉంచుతారు. మనమూ అదే చేయవచ్చు. నల్లమల చెంచుల దగ్గర, ఏజెన్సీ కొండరెడ్ల దగ్గర సేకరించిన మూలికల జ్ఞానం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పరిశోధకుడు సంతకం పెట్టినంత మాత్రాన ఆ జ్ఞానం అతనిది అయిపోదు. ఆదివాసీ సమాజాల డేటాపై ఆ సమాజాలకే అధికారం ఉండాలని చెప్పే కేర్ సూత్రాలు 2019లో వచ్చాయి. ముసాయిదాలలో ఒక్కటీ వాటిని తలవలేదు.

వ్యక్తుల వివరాల సంగతికి వస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు, గణాంకాలకు, భాండాగారాలకు కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చింది. ఆ డేటాతో ఏ ఒక్క వ్యక్తి గురించీ నిర్ణయం తీసుకోరాదన్నది వాటిలో ఒకటి. మినహాయింపు ఉంది కదా అని రైతుల పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ నంబర్లతో ఫైళ్లు జమ చేయడం దారుణం. పేర్లు తీసేసినా, చిన్న ఊళ్లో 'ముప్పై ఎకరాల మాగాణి, ట్రాక్టరు, ఇద్దరు కొడుకులు అమెరికాలో' అని ఉంటే అతనెవరో ఊరంతటికీ తెలుస్తుంది. అందుకే తెరవడం, మూయడం అనే రెండు గదులే కాకుండా, దరఖాస్తు పెట్టుకుని ఒప్పందంపై సంతకం చేసి చూసే మధ్య గది ఒకటి విధానంలో ఉండాలి. డేటా మూసి ఉన్నా దాని వివరణ మాత్రం అందరికీ కనబడాలి. చివరకు డేటా చెరిపేయవలసి వచ్చినా ఆ వివరణ నిలవాలని ఫెయిర్ సూత్రాలే చెబుతున్నాయి. ఫలానా సంవత్సరం ఫలానా మండలంలో ఇలాంటి సర్వే జరిగిందని తెలియడం కూడా ఒక జ్ఞానమే.

ఇంత చెప్పాక రిపాజిటరీ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. 2000ల తర్వాత మన గ్రంథాలయాలు చాలా వాటిలో డీస్పేస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాం. నేను పనిచేసిన చోట కూడా పెట్టాం, ప్రారంభోత్సవానికి ఫొటోలు దిగాం. దాన్ని పెట్టిన కాంట్రాక్టు ఉద్యోగి వెళ్లిపోయాక రెండేళ్లకు సర్వరు ఆగింది, బ్యాకప్ ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. కాబట్టి ప్రతి విశ్వవిద్యాలయమూ సొంతంగా ఒకటి కట్టుకోవాలన్న పంతం వద్దు. విషయానికి తగిన రిపాజిటరీ ఎక్కడైనా ఉంటే డేటా అక్కడికే వెళ్లాలి. జీవశాస్త్ర డేటా కోసం ఫరీదాబాద్‌లో 2022లో ప్రారంభమైన భారతీయ జీవశాస్త్ర డేటా కేంద్రం ఉంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలకు కృషి పోర్టల్ ఉంది. ఎక్కడా ఇమడని వాటికి యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో ఉంది. వీటిలో దేనిలోనూ పెట్టలేనివాటికి, ముఖ్యంగా తెలుగు ప్రాంతాల సామాజిక సర్వేలకు, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కలిసి ఒకే రిపాజిటరీ నడుపుకోవచ్చు. నమ్మదగిన రిపాజిటరీ ఎలా ఉండాలో కోర్‌ట్రస్ట్‌సీల్ అనే అంతర్జాతీయ ధ్రువీకరణ పదహారు షరతులలో చెబుతుంది. సంస్థ మూతపడితే డేటా ఎవరి చేతికి వెళుతుందని కూడా ఆ ధ్రువీకరణలో అడుగుతారు. మన ముసాయిదాల్లో సర్వరు సామర్థ్యం ఎన్ని టెరాబైట్లో ఉంది, ఈ ప్రశ్నకు జవాబు లేదు.

యంత్రం కన్నా ముందు మనిషి కావాలి. జమ అయిన ప్రతి ఫైలునూ తెరిచి, వరుసల పేర్లకు అర్థాలున్నాయో లేదో చూసి, లేకపోతే పరిశోధకుడికి తిరిగి పంపే అధికారం ఉన్న ఉద్యోగి ఒకరైనా శాశ్వత నియామకంపై ఉండాలి. మన విశ్వవిద్యాలయాల్లో గ్రంథాలయ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటున్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ పోస్టుల్లో ఒకదాన్ని ఈ పనికి మలచమని అడుగుతున్నాను. ఆ ఒక్క పోస్టుకు వీలు లేదంటే విధాన పత్రం కూడా ఇప్పుడే రాయకండి.

ఎప్పుడు జమ చేయాలన్నది కూడా ముఖ్యమే. మూడు ముసాయిదాలూ థీసిస్ సమర్పణ వేళనే పెట్టాయి. ఆ వేళ ఎలా ఉంటుందో కౌంటరు వెనక కూర్చున్నవాడిగా నాకు తెలుసు. స్కాలరు చేతిలో నో డ్యూస్ పత్రం ఉంటుంది, హాస్టలు సంతకం అయింది, ల్యాబు సంతకం అయింది, మాది మిగిలింది. మరునాడు ఉద్యోగంలో చేరాలి. ఆ స్థితిలో అతని పెన్‌డ్రైవ్‌లో ఏముంటే అది మాకిస్తాడు, మేమూ ముద్ర వేసి పంపిస్తాం. అందుకని సినాప్సిస్ దశలోనే, అంటే క్షేత్ర పనికి ముందే, రెండు పేజీల డేటా ప్రణాళిక అడగండి. క్షేత్ర పని ముగిసిన ఆరు నెలల్లోపు, కోడుల అర్థాలు చెప్పే కోడ్‌బుక్‌తో సహా మూల డేటాను మూసి ఉంచిన రూపంలో జమ చేయించండి. ఏ వరుసకు ఏ అర్థమో అప్పుడు అతనికి ఇంకా కంఠతా ఉంటుంది. తెరిచే తేదీ మాత్రం అతని వ్యాసాలు వెలువడేదాకా, గరిష్ఠంగా రెండేళ్లో మూడేళ్లో, వాయిదా వేసుకోనివ్వండి. డేటా ముందే ఇచ్చేస్తే ఇంకొకరు పేపరు వేసుకుంటారన్న భయం మన పరిశోధకుల్లో బలంగా ఉంది. అది ఊహాజనితం కాదు, దాన్ని ఉపన్యాసాలతో పోగొట్టలేం. జమ చేసిన తేదీతో, డీఓఐతో, తన పేరుతో నమోదైన డేటా తన ముందస్తు హక్కుకు సాక్ష్యమవుతుందని చూపితే కొంత పోతుంది. మంచి డేటాసెట్‌ను విశ్వవిద్యాలయ అంతర్గత పురస్కారాల్లో, మూల్యాంకనాల్లో ఒక పరిశోధన ఫలితంగా లెక్కిస్తే మరికొంత పోతుంది. ఎండలో తిరిగి ప్రశ్నలడిగిన క్షేత్ర సహాయకుల పేర్లు కూడా ఆ నమోదులో ఉండాలని నా కోరిక.

మీ విధాన పత్రాన్ని పాలకమండలి ఆమోదానికి పంపే ముందు ఒక పరీక్ష పెట్టి చూడమని ప్రార్థిస్తున్నాను. మీ ముసాయిదా నిబంధనల ప్రకారం జమ అయిన డేటాసెట్ ఒకదాన్ని, ఆ విషయంతో సంబంధం లేని మరో విభాగపు ఎంఏ లేదా ఎంఎస్సీ విద్యార్థికి ఇవ్వండి. ఆ డేటా సేకరించినవారితో మాట్లాడనివ్వకండి. రెండు రోజుల్లో థీసిస్‌లోని ఒక పట్టికను ఆ ఫైలు నుంచి తిరిగి రాబట్టమనండి. రాబట్టలేకపోతే ఎక్కడ ఆగిపోయాడో రాసుకుని, అక్కడ ఒక నిబంధన చేర్చండి. మొదటి నమూనాగా ఏది తీసుకోవాలో తోచకపోతే, నేను పనిచేసిన గ్రంథాలయంలో ఆ 2003 నాటి థీసిస్ ఇంకా అదే అరలో ఉంది, సీడీ కూడా అట్ట లోపలే ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగి,
హైదరాబాద్